కవరు చేతికి రాకముందే

ఆదివారం పొద్దున్నే మెహిదీపట్నం రైతుబజారుకు వెళ్తాను. చేతిలో నాలుగు గుడ్డ సంచులు, ఒక స్టీలు డబ్బా. సంచులు మా అమ్మ పాత నూలు చీరతో కుట్టినవి.

ఉల్లిపాయలు, దుంపలు అడుగున వేసి టమాటాలు పైన పెట్టుకోండి. ఆకుకూరలకు మాత్రం విడి సంచి కావాలి. నీళ్లు చల్లి అమ్ముతారు కదా, ఆ తడికి మిగతావి పాడవుతాయి. ఇంటికి రాగానే కొత్తిమీర వేర్లు కోసి, తడి ఆరనిచ్చి, పొడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. నాలుగైదు రోజులు బాగుంటుంది. నాకు సంచి కన్నా ఇదే ముఖ్యం. కుళ్లిన కూర పారేస్తే దాన్ని పండించిన నీళ్లు, మోసుకొచ్చిన డీజిలు కూడా పారేసినట్టే.

కందిపప్పు, బియ్యం కిరాణా కొట్లో విడిగా కొనండి. ముందు ఖాళీ డబ్బాను తూకం వేయించండి, లేకపోతే దాని బరువుకూ డబ్బు కట్టాలి.

120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులను 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. అయినా ఇస్తూనే ఉన్నారు. అందుకే కూర తూకంలో ఉండగానే, "కవరొద్దన్నా, సంచి ఉంది" అనేయండి.

ఖాళీ చేసిన సంచులు వెంటనే స్కూటర్ డిక్కీలో పెట్టేయండి.