డెలివరీ బండ్లు నడిపేవారి విసుగు: హబ్ ఇన్‌చార్జి పెద్దవారిని, కుర్రవారిని ఎలా అడగాలి?

విశాఖపట్నంలో గాజువాక ఆటోనగర్ వైపు పార్సిల్ గోదాముల్లో (హబ్‌లలో) ఉదయం లోడు పంచే వేళ రెండు తరాలవారు ఒకే గుమ్మం దగ్గర నిలబడతారు. సరుకు వ్యాన్లు నడిపేవారిలో యాభై దాటినవారు ఉంటే, బైకుల మీద తిరిగేవారిలో ఎక్కువమంది పాతికేళ్ల లోపువారు. పని మీద విసుగు ఇద్దరికీ ఉంటుంది కానీ పెద్దవారు దాన్ని మింగేస్తారు, కుర్రవారు పని మానేస్తారు. ఈ ఇద్దరికీ లోడు అప్పగించే హబ్ ఇన్‌చార్జిల కోసం ఈ సూచనలు.

పెద్దాయనకు ఓర్పు ఎక్కువని, కుర్రాడికి నిలకడ లేదని ముందే తీర్పు చెప్పేయకండి. పాత తరం డ్రైవర్లలో చాలామంది క్లీనర్లుగా చేరి స్టీరింగ్ పట్టినవారు. వారికి నెల జీతం, బత్తా ఇచ్చే ఓనరు ఎదురుగా కనిపించేవాడు. కష్టమేదైనా ఉంటే అతనికే చెప్పుకునేవారు, అయితే అతని దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా నోరు మెదపలేకపోయేవారు. ఇప్పటి కుర్రవాడికి ఓనరు ముఖమే తెలియదు. రేటు కట్టేదీ, డబ్బు కోసేదీ, ఐడీ బ్లాక్ చేసేదీ యాప్ కాబట్టి, ఒకటి లాగౌట్ చేసి మరొకదానిలోకి వెళ్లడమే అతనికి తెలిసిన జవాబు. నన్నడిగితే హబ్‌కు ఎక్కువ ప్రమాదం పెద్దాయన మౌనంతోనే. కుర్రాడు మానేస్తే మర్నాడే తెలుస్తుంది. పెద్దాయన ఇబ్బంది మాత్రం ఆయన మంచం పట్టాకో, బండికి దెబ్బ తగిలాకో గానీ బయటపడదు.

లోడు పంచేటప్పుడు అందరి ముందూ అడగవద్దు. "ఏమైనా సమస్యలున్నాయా?" అంటే పెద్దాయన "ఏం లేదు బాబూ, నడిచిపోతోంది" అనేసి ఊరుకుంటారు. ట్రిప్పు ముగించి టీ తాగుతున్నప్పుడు "బాబాయ్, ఈ వారం ఏ వీధి బాగా ఇబ్బంది పెట్టింది?" అని పని గురించి అడగండి, వీధి పేరు చెప్పడం మొదలుపెట్టాక మిగతాది ఆయనే చెబుతారు. కుర్రాడైతే వాట్సాప్ గ్రూపులో కోపంగా వాయిస్ మెసేజ్ పెడతాడు. దానికి గ్రూపులోనే బదులిస్తే పదిమంది ముందు పంతం పెరుగుతుంది కనుక, విడిగా ఫోన్ చేసి "తమ్ముడూ, ఏ ఆర్డరుకు ఎంత కోశారో స్క్రీన్‌షాట్ పంపు" అనండి.

విన్నదాన్ని తేదీ, చిరునామా, ఆగిన సమయం, పోయిన డబ్బు వేసి ఒకే పుస్తకంలో రాయండి. వయసు వేరైనా కారణం ఒకటేనని అప్పుడు తేలుతుంది. అరిలోవ, కైలాసపురం వంటి చోట్ల కొండవాలు కాలనీలున్నాయి. మ్యాప్‌లో గుర్తు కింద రోడ్డు మీద పడుతుంది, ఇల్లు మాత్రం మెట్లెక్కి వెళ్లాల్సినంత పైన ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన ఆ సంగతి చెప్పుకోలేక, "మనిషి లేడు" అని రాసి పార్సిల్ తిరిగి తెస్తారు. కుర్రాడు మెట్లెక్కి ఇచ్చేసి వస్తాడు, కానీ ఆ ఆలస్యానికి ఇన్సెంటివ్ పోవడంతో కస్టమర్‌తోనో మీతోనో గొడవపడతాడు. రికార్డులో ఒకరిది రిటర్న్‌గా, మరొకరిది దురుసుతనంగా మిగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు ఉక్కపోత తోడైతే చెప్పనక్కర్లేదు. అలాంటి చిరునామాలను విడిగా గుర్తించి, బయలుదేరే ముందే కస్టమర్‌కు ఫోన్ చేయించి, వీలుంటే కిందికి రమ్మనండి. ఆ ఆర్డర్లకు సమయం పెంచండి. కుర్రవాళ్లే కదా, ఎక్కుతారులే అని ఆ భారమంతా వాళ్ల నెత్తిన వేస్తే మీ ఫిర్యాదుల పుస్తకం ఇంకాస్త లావవుతుంది.

రేటు, ఐడీ బ్లాక్ వంటివి మీ చేతిలో లేకపోతే ఆ మాట స్పష్టంగా చెప్పి, ఫిర్యాదు నంబరు తీసి ఇవ్వండి. హక్కుల సంగతిలోనూ తరాల తేడా ఉంటుంది: జీతం మీద ఉన్న పెద్దాయన పీఎఫ్ ఎంత జమైందని ఆరా తీస్తారు, కుర్రాడికి పీఎఫ్ అంటే జీతంలో కోతే. ఆర్డరు లెక్కన పనిచేసేవారిని గిగ్, ప్లాట్‌ఫామ్ కార్మికులుగా గుర్తించిన సామాజిక భద్రతా కోడ్, 2020 అనే చట్టం 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అగ్రిగేటర్ సంస్థలు, అంటే యాప్ ద్వారా పని అప్పగించే కంపెనీలు, వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, సంక్షేమ నిధికి ఇవ్వాలి. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో ఆధార్‌తో పేరు నమోదు చేసుకోమని కుర్రవారికి చెప్పండి, వీలైతే హబ్‌లోనే కూర్చోబెట్టి చేయించండి.

మానేస్తానన్న కుర్రాణ్ణి బతిమాలడం కన్నా, క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు, బ్యాగు, డిపాజిట్ లెక్కలు అదే రోజు తేల్చి, రావాల్సిన సొమ్ము ఏ తేదీన పడుతుందో రాసివ్వడం మేలు. అలా వెళ్లినవాడు దసరా రద్దీకి మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది. పెద్దాయన నోటి నుంచి ఆ మాట వచ్చిందంటే, ఆయన ఎన్నాళ్లుగానో ఆలోచించే చెబుతున్నారని అర్థం. రాజీనామా తీసుకునే ముందు చిన్న రూటు గానీ, గోదాములో సార్టింగ్ పని గానీ సరిపడుతుందేమో అడగండి, సరేనంటే జీతం ఎంతో అప్పుడే తేల్చి చెప్పండి.