రెండోసారి పెడితే స్కోరు మారిపోతోందా?

రంగు పేరును వేరే రంగులో రాసి ఆ రంగేదో చెప్పమనే స్ట్రూప్ టెస్టులో ముందున్నవాడు మూడు వారాలకు మధ్యలోకి జారిపోతాడు. ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ (నిగ్రహం, ఆలోచన మార్చుకోవడం లాంటి మెదడు అదుపు శక్తులు) టెస్టులు పెట్టేవాళ్లకు ఈ తలనొప్పి మామూలే. మనిషిని అనుమానించే ముందు లెక్కను అనుమానించండి.

సమస్య: సగటున స్ట్రూప్ ప్రభావం (మాటా రంగూ కలవనప్పుడు జరిగే ఆలస్యం) ప్రతిసారీ బ్రహ్మాండంగా వస్తుంది, మనుషుల వరుస మాత్రం నిలవదు.

కారణం: ఎక్కువసార్లు దోషి తీసివేతే. 'నీలం' అనే మాట ఎర్ర రంగులో ఉన్నప్పుడు రంగు చెప్పడానికి పట్టిన సమయంలోంచి, మాటా రంగూ ఒకటే అయినప్పుడు పట్టిన సమయాన్ని తీసేస్తాం. రెండింటిలోనూ ఉన్న ఆ మనిషి సహజ వేగం కొట్టుకుపోతుంది. కొలతలోని దోషాలు కొట్టుకుపోవు, పోగవుతాయి. ఒక్కో సమయం విశ్వసనీయత (మళ్లీ కొలిచినా నిలిచే పాళ్లు, 0 నుంచి 1 దాకా) 0.8, వాటి మధ్య సహసంబంధం (రెండూ కలిసి మారే పాళ్లు) 0.7, వ్యాప్తి (మనుషుల మధ్య చెదురు) సమానం అనుకోండి. తేడా విశ్వసనీయత (0.8 − 0.7) ÷ (1 − 0.7), అంటే 0.33! పైగా స్ట్రూప్ ప్రభావం దాదాపు అందరిలోనూ కనిపిస్తుంది. ప్రయోగాల్లో దానికి అంత పేరు అందుకే. కానీ అందరూ ఒకేలా ఉంటే వరుస పెట్టేదెలా? 2018లో పరిశోధకులు హెడ్జ్, పావెల్, సమ్నర్ ఎత్తిచూపిన వైరుధ్యం ఇదే.

పరిష్కారం: ట్రయల్స్ (మాట చూపించి రంగు అడిగే సార్లు) పెంచండి. టెస్టు పొడవుకీ విశ్వసనీయతకీ ముడిపెట్టే స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం ప్రకారం నాలుగింతలు చేస్తే 0.33 కాస్తా దాదాపు 0.67 అవుతుంది. ఒకే బిగిన పెడితే విసుగొస్తుంది, రెండు రోజులకు పంచండి.

సమస్య: రెండుసార్ల స్కోర్ల మధ్య పియర్సన్ సహసంబంధం (వరుస నిలిచిందా అని చూసేది) బాగుంది, ఐసీసీ (అంకెలు కూడా ఒకటేనా అని చూసేది) పడిపోయింది.

కారణం: అలవాటు. అందరూ ఒకే మోతాదులో మెరుగైతే వరుస చెదరదు, అంకెలు మారతాయి.

పరిష్కారం: అసలు టెస్టుకు ముందు తగినంత ప్రాక్టీసు ఇవ్వండి. కార్డులను ఏ రూలుతో జత చేయాలో కనిపెట్టమనే విస్కాన్సిన్ కార్డుల టెస్టుకు ఈ మందు పనిచేయదు. రూలు మధ్యలో మారుతుందని తెలిసిపోయాక అది వేరే టెస్టే.

సమస్య: ఒకే రోజు సరి-బేసి ట్రయల్స్ స్కోర్లు చక్కగా కలుస్తాయి, వారాల తేడాతో పెట్టిన రెండు టెస్టులవి కలవవు.

ఇక్కడ టెస్టు కంటే నిద్ర, వేళ, కీబోర్డు మారడం వైపు చూడండి. రెండుసార్లూ అవే ఉంచండి.

తెలుగులో స్ట్రూప్ పెడుతుంటే ఇంకో చిక్కు. కూడబలుక్కుని చదివే పిల్లాడికి 'నీలం' అడ్డే రాదు, స్కోరు అదిరిపోతుంది. అది నిగ్రహం కాదు, చదవలేకపోవడం. ముందు చదివే వేగం చూసుకోండి.

చివరి ప్రశ్న: ఒక్కరి స్కోరు 10 పెరిగింది, నిజంగా మెరుగైనట్టేనా? ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ చెదిరే మోతాదు) 15, విశ్వసనీయత 0.75 అయితే కొలత దోషం 7.5. రెండు కొలతల తేడాకు అది 10.6 అవుతుంది. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే మార్పు 21 దాకా ఉండాలి. అంతకు తక్కువైతే రిపోర్టులో 'మెరుగుదల' అని రాయకండి.