ట్రావెలర్ ఓడ పాఠాలు – 3: ట్యాంకు, వారం, కిస్తీ

ట్రావెలర్ అంటే, అంతరిక్ష ఓడల్లో లోకాలు తిరిగే మనుషులుగా ఆటగాళ్లూ, కథ నడిపే రిఫరీగా ఒకరూ కూర్చుని పాచికలతో ఆడే ఆట. పోయిన పాఠంలో ఎనిమిది గళ్ల వెడల్పు, పది గళ్ల పొడవున్న సబ్‌సెక్టర్ పటం, అంటే అంతరిక్షంలో ఒక ముక్క పటం, గీసుకున్నాం. గడికి ఒక పార్సెక్, అంటే 3.26 కాంతి సంవత్సరాలు. చివర్లో ఒక లెక్క ఇచ్చాను: రెండు లోకాల మధ్య రెండు పార్సెక్‌ల దూరం ఉంది, నడిమి గడి ఖాళీ. మన దగ్గర జంప్-1 ఓడ, అంటే ఒక్కో దూకుకు ఒక పార్సెకే దాటగల ఓడ, ఉంది. సరుకు చేర్చగలమా? "కుదరదు" అని రాసుకున్నవాళ్లు సగం మార్కులు వేసుకోండి. మిగతా సగం సంగతి చివర్లో చూద్దాం.

ముందే ఒక మాట. ట్రావెలర్ 1977లో వచ్చింది. నేను చెప్పే అంకెలన్నీ ఆ పాత "క్లాసిక్" నియమాలవి. మీ దగ్గర కొత్త ముద్రణ ఉంటే కొన్ని అంకెలు తేడా రావచ్చు, కంగారు పడకండి. పద్ధతి మాత్రం అదే.

ఈ ఆటలో ఓడ టన్ను బరువు కాదు, చోటు. ఒక టన్ను ద్రవ హైడ్రోజన్ పట్టడానికి ఎంత జాగా కావాలో అంత, సుమారు 14 ఘనపు మీటర్లు. కొత్తవాళ్లందరూ ఇక్కడే తడబడతారు. నేనూ మొదట్లో 200 టన్నుల ఓడంటే 200 టన్నుల ఇనుము అనుకుని పిచ్చి లెక్కలు చాలా వేశాను. ఓడకు ఇంధనం కూడా ఆ హైడ్రోజనే, అది బోలెడు చోటు తింటుంది. ఒక పార్సెక్ జంప్‌కు ఓడ మొత్తం టన్నుల్లో పదో వంతు అంత ఇంధనం ఖర్చవుతుంది. రెండు పార్సెక్‌లకు ఐదో వంతు. నియమాల్లో గరిష్ఠం జంప్-6. అంత దూకే ఓడలో నూటికి అరవై పాళ్లు ట్యాంకే. ఇక సరుకు ఎక్కడ పెడతారు, మనుషులు ఎక్కడ పడుకుంటారు? అందుకే దూరం దూకేవి ఎక్కువగా సైన్యం ఓడలూ టపా ఓడలూ. బేరగాళ్లవి జంప్-1, జంప్-2 ఓడలు.

జంప్ ఎంత దూరమైనా పట్టే కాలం ఒకటే, దాదాపు వారం. ఒక పార్సెక్ అయినా వారమే, ఆరైనా వారమే. ఆ వారం బయటినుంచి ఓడకు కబురు చేరదు, ఓడనుంచి బయటికి వెళ్లదు. ఓడకంటే వేగంగా పోయే రేడియో ఈ ఆటలో లేదు కాబట్టి, పక్క లోకంలో యుద్ధం మొదలైందన్న వార్త కూడా ఓడెక్కే రావాలి. రిఫరీగా కూర్చున్నవాళ్లకు ఇంతకంటే మంచి వరం లేదు. ఆటగాళ్లు ఎక్కడో దొంగతనం చేసి పారిపోయారనుకోండి, వాళ్ల మీద వారెంటు కూడా ఇంకో ఓడలో వారం ఆలస్యంగానే వస్తుంది.

జంప్‌కు ముందు లోకానికి దూరంగా జరగాలి. ఆ లోకం వ్యాసానికి నూరు రెట్లు దాటాక దూకితే క్షేమం. భూమిని తీసుకుంటే 12,742 కిలోమీటర్ల వ్యాసం, నూరు రెట్లంటే సుమారు 12.7 లక్షల కిలోమీటర్లు. సగం దూరం వేగం పెంచుకుంటూ, మిగతా సగం తగ్గించుకుంటూ పోతే, కాలం = 2 × √(దూరం ÷ త్వరణం). దూరం మీటర్లలో వేయాలి, కాలం సెకన్లలో వస్తుంది. ఒక జీ అంటే భూమి ఆకర్షణ ఇచ్చే త్వరణం, లెక్కకు 10 అనుకుందాం. ఒక జీ ఓడకు ఆరు గంటల పావు వస్తుంది. గురు గ్రహం దగ్గర ఇదే లెక్క వేస్తే దాదాపు 21 గంటలు. వెంటపడేవాళ్లకు దొరికే సమయం అదే. తొందరపడి లోపలే దూకితే ఓడ దారి తప్పొచ్చు. అప్పుడు ఒక పాచిక వేసి, అందులో ఎంత పడితే అన్ని పాచికలు వేస్తారు. ఆ మొత్తం ఎంతో అన్ని పార్సెక్‌ల అవతల, ఏదో ఒక దిక్కున తేలతారు.

ఇక అసలు కథ నడిపేది కిస్తీ. ఫ్రీ ట్రేడర్ అనే ఓడ తీసుకుందాం. 200 టన్నులు, జంప్-1, ఒక జీ. ఇంధనానికి 30 టన్నులు, సరుకుకు 82 టన్నులు, పది గదులు, మనిషిని గడ్డకట్టించి పడుకోబెట్టే లో బెర్తులు ఇరవై. ధర 3,70,80,000 క్రెడిట్లు. ఐదో వంతు చేతినుంచి కట్టాక, ధరలో 240వ వంతు చొప్పున నెలనెలా నలభై ఏళ్లు కట్టాలి. నెల కిస్తీ 1,54,500. లారీ ఫైనాన్సులో తీసుకున్నవాళ్లెవరైనా మీ ఇంట్లో ఉంటే, ఈ పాఠం వాళ్లే బాగా చెబుతారు.

జంప్‌కు వారం, దిగిన చోట బేరాలకు వారం. అంటే నెలకు రెండు ట్రిప్పులు. సరుకు టన్నుకు 1,000, మంచి గది టికెట్టు 10,000, లో బెర్తు 1,000. సిబ్బంది నలుగురికి నాలుగు గదులు పోగా ఆరు గదులు అమ్ముకోవచ్చు. ఓడ నిండితే ట్రిప్పుకు 82,000 + 60,000 + 20,000, మొత్తం 1,62,000. నెలకు 3,24,000. ఖర్చులు: కిస్తీ, ఇంధనం 25,000, గాలీ తిండీ వగైరా 44,000, జీతాలు 15,000, ఏటా చేయించే మరమ్మతులో నెల వాటా సుమారు 3,000. అంతా కలిపి 2,41,500. నెలకు 80 వేల పైనే మిగులుతుంది, బాగానే ఉంది. అదే ఓడ సగమే నిండిందనుకోండి. రాబడి 1,62,000. గాలీ తిండీ ఖర్చు కొంత తగ్గినా, మొత్తం ఖర్చు మాత్రం 2,27,500 దగ్గరే ఆగుతుంది, కిస్తీ సగం కాదు కదా. అప్పుడు ఓడ యజమాని సంతలో ఎవరో గొణిగిన "పెట్టెలో ఏముందో అడక్కు, మూడింతలు ఇస్తా" అన్న బేరం వింటాడు. రిఫరీ ప్రత్యేకంగా కథ అల్లక్కర్లేదు.

ఇంధనంలోనూ అదే తిరకాసు. రేవులో శుద్ధి చేసినది టన్ను 500, చేయనిది 100. గురువులాంటి వాయు గ్రహం పైపొరల్లో దూసుకెళ్లి తోడుకుంటే ఉచితం. కానీ శుద్ధి లేనిదాంతో మామూలు ఓడ దారి తప్పే ప్రమాదం ఉంది. స్కౌట్ ఓడలకు, అంటే కొత్త దారులు వెతికే ఓడలకు, ఆ బెడద లేదు, వాటి ఇంజన్లే అలా కట్టారు.

ఇప్పుడు ఆ మిగతా సగం మార్కులు. రిఫరీ ఒప్పుకుంటే, సరుకు గదిలో 20 టన్నుల మడత ట్యాంకు పరిచి హైడ్రోజన్ నింపుకోండి. మొదటి జంప్‌తో ఖాళీ గడికి చేరి, ఇంధనం అసలు ట్యాంకులోకి తోడుకుని, రెండోసారి దూకండి. సరుకు చేరుతుంది. కాకపోతే 20 టన్నుల కిరాయి పోయింది, ఇంకో 20 టన్నుల ఇంధనం కొన్నారు, టికెట్టు ఒకటే అయినా వారానికి బదులు రెండు వారాలు గాల్లో గడిచాయి.

వచ్చే పాఠానికి లెక్క: ఈ రెండు జంప్‌ల దారిలో నష్టం రాకూడదంటే, మిగిలిన 62 టన్నుల సరుకుకు టన్నుకు ఎంత కిరాయి అడగాలి? గదులూ లో బెర్తులూ నిండాయనే అనుకోండి. దిగిన చోట బేరాలకు వారం ఆగడం మరిచిపోకండి. నెలకు ఎన్ని ట్రిప్పులు వస్తాయో ముందు అది తేల్చుకోండి.