నిశ్శబ్ద తీరంలో విడిదికి వెళ్లే ముందు

కిటికీ తెరిస్తే సముద్రం, రాత్రంతా అలల చప్పుడు, పలకరించే మనిషి లేని ఇసుక తీరం. ఉష్ణమండలంలో అలాంటి చోట వారం పది రోజులు ఉండి రావాలనుకునేవారికి ఒక సంగతి ముందే చెప్పాలి. జనం లేని చోట మందుల దుకాణం ఉండదు, డాక్టరు ఉండరు, నీళ్లలో చిక్కుకుంటే దూకి కాపాడే ఈతగాళ్లూ ఉండరు. ఊళ్లో అరగంటలో తీరిపోయే ఇబ్బంది అక్కడ రెండు రోజులు పీడిస్తుంది.

కాబట్టి గది ఖరారు చేసుకోకముందే విడిది నడిపేవారిని సూటిగా అడగండి. అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ఆసుపత్రికి ఎలా తీసుకువెళతారు? ఎంతసేపు పడుతుంది? పడవలోనే వెళ్లాలంటే చీకట్లో నడుపుతారా? సముద్రం పోటు మీద ఉంటే ఏం చేస్తారు? "ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదండీ" అంటే అది జవాబు కాదు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు కూడా రోగిని అక్కడి నుంచి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చదివి చూసుకోండి. అసలు అవసరం పడేది దానితోనే.

తరువాత నెల చూసుకోవాలి. అట్లాంటిక్, కరీబియన్ వైపు జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం. దక్షిణ పసిఫిక్ దీవుల్లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లో రుతుపవనాలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి. వాయవ్య పసిఫిక్‌లో ఏ నెలలోనైనా రావచ్చు. అద్దె బాగా తగ్గించి ఇస్తున్నారంటే ఆ నెలలో అక్కడ గాలివానలు ఎలా ఉంటాయో తప్పకుండా విచారించండి.

డాక్టరును కనీసం నెలా పదిహేను రోజుల ముందు కలవాలి. కొన్ని టీకాలు పనిచేయడానికి వ్యవధి పడుతుంది. ఉదాహరణకు ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం టీకా వేసిన పది రోజుల తరువాతే చెల్లుతుంది. మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ రాసిస్తే ఇంకొక విషయం గుర్తుంచుకోవాలి. ఆ మాత్ర వేసుకునేవారి చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. మలేరియా దోమ ఎక్కువగా రాత్రి కుడుతుంది, డెంగీ దోమ పగలు కుడుతుంది. కాబట్టి దోమతెర ఒక్కటే చాలదు, పగలు కూడా ఒంటికి దోమల మందు రాసుకోవాలి. ముందు ఎండ క్రీము రాసి, అది ఇంకాక దానిపైన దోమల మందు రాయాలి. ఎండ క్రీము రెండు గంటలకొకసారి, నీళ్లలోంచి బయటికి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి. మబ్బు పట్టినా ఎండ దెబ్బ తప్పదు. నా మట్టుకు నేను క్రీము కన్నా పొడుగు చేతుల ఈత చొక్కానే ఎక్కువ నమ్ముతాను. పసిఫిక్‌లోని పలావు అనే దీవుల దేశంలో 2020 నుంచి, హవాయిలో 2021 నుంచి పగడాలకు హాని చేసే కొన్ని రసాయనాలున్న క్రీముల మీద నిషేధం ఉంది. అటు వెళ్లేవారు సీసా మీది పేర్లు చూసి కొనాలి.

విరేచనాలు పట్టుకుంటే అక్కడి ఎండలో మనిషి గంటల్లో నీరసించిపోతాడు. ఓఆర్‌ఎస్ పొట్లాలు పది పెట్టుకోండి. అవి అయిపోతే లీటరు కాచిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి కలుపుకోవచ్చు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు మాత్రం ఎక్కువ కాకూడదు.

ఇక సముద్రం. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. ఒడ్డున నిలబడి పది నిమిషాలు ఊరికే చూడండి. అలలు వరుసగా విరిగి తెల్లగా నురుగు కక్కుతుంటాయి. ఆ నురుగు మధ్యలో ఒకచోట అలలు విరగకుండా, నీళ్లు కాస్త నల్లగా, నున్నగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు "ఇక్కడ ప్రశాంతంగా ఉంది" అనుకుని అక్కడే దిగుతారు. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లన్నీ ఇసుక మేటల మధ్య సందులోంచి తిరిగి లోపలికి పోయే దారి అది. దాన్ని రిప్ కరెంట్ అంటారు. దాని వేగం ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. ఆరితేరిన ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. అయితే అది మనిషిని దూరంగా లాగుతుందే తప్ప కిందికి ముంచదు. మునిగిపోయేవారిలో చాలామంది ఎదురీది ఎదురీది అలసిపోయినవారే. చిక్కుకుంటే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఓపిక ఉంటే తీరానికి సమాంతరంగా, నురుగు కనిపించే వైపు ఈది, అక్కడి అలలతో పాటు ఒడ్డుకు రండి. ఒంటరిగా మాత్రం నీళ్లలోకి దిగకండి. ఈత ఎంత బాగా వచ్చినా సరే.

నీళ్లలో దిగేటప్పుడు రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోవాలి. నేను ఒకసారి అవి లేకుండా పగడపు దిబ్బ మీద కాలు ఆనించాను. పాదం పక్కన గోరంత గీరుకుంది, నెత్తురు కూడా సరిగా రాలేదు. తుడిచి ఊరుకున్నాను. మూడోనాటికి చీలమండ దాకా ఎర్రబడి వాచింది, జ్వరం వచ్చింది, పడవ మర్నాడు గానీ రాదు. పగడపు ముక్కలు కంటికి కనిపించనంత చిన్నవి గాయంలో ఉండిపోతాయి. అప్పటికప్పుడే సబ్బు, మంచినీళ్లతో మంట పుట్టినా సరే రుద్ది కడగాలి. పైగా పగడం ప్రాణమున్నది. దాని మీద నిలబడడమే తప్పు.

ముళ్ల చేపో, టేకు చేపో (స్టింగ్‌రే) గుచ్చితే ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. వేడి 45 డిగ్రీలు దాటకూడదు. నొప్పిలో ఉన్న కాలికి వేడి తెలియదు కాబట్టి పక్కవారు చెయ్యి పెట్టి చూడాలి. ఆస్ట్రేలియా ఉత్తర తీరం, దాని చుట్టుపక్కల వెచ్చని సముద్రాల్లో ప్రాణం తీసే బాక్స్ జెల్లీఫిష్ ఉంటుంది. అది కుడితే ఆ చోట వెంటనే వెనిగర్ పోయాలి, రుద్దకూడదు. జెల్లీఫిష్‌లన్నిటికీ వెనిగర్ పనిచేయదు కాబట్టి అక్కడ ఏ రకం ఉంటుందో ముందే అడిగి తెలుసుకోండి. శంకువు ఆకారంలో ఉండే అందమైన గవ్వను చేతిలోకి తీసుకోకండి. లోపలి నత్త విషపు ముల్లుతో గుచ్చుతుంది, దానికి విరుగుడు మందు లేదు. కరీబియన్ తీరాల్లో మాంచినీల్ అనే చెట్టు ఉంది. పచ్చని చిన్న ఆపిల్ లాంటి కాయలు కాస్తుంది. కాయ విషం. వాన పడుతున్నప్పుడు దాని కింద నిలబడితే ఆకుల మీది నుంచి కారే నీళ్లకే ఒళ్లు బొబ్బలెక్కుతుంది.

చిన్న వస్తువుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. కార్డు పనిచేయని చోటికి సరిపడా నగదు, టార్చి, పాస్‌పోర్టు నకళ్లు, రోజూ వేసుకునే మందులు వారం అదనంగా. పవర్ బ్యాంకు విమానంలో చేతి సంచీలోనే ఉండాలి.

చేరిన రోజు సాయంత్రం చీకటి పడకముందే ఒక పని చేయండి. గది నుంచి ఎత్తైన చోటికి నడిచి వెళ్లి రండి, ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోండి. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు చాలా తీరాల్లో సముద్రం ముందు వెనక్కి తగ్గింది. ఎందుకో తెలియక దగ్గరికి వెళ్లి చూసినవారు ఉన్నారు. ఆ సునామీని పుట్టించిన భూకంపానికి ఎంతో దగ్గరగా ఉన్న, ఇండోనేసియాలోని సిమెయులు దీవిలో మాత్రం 1907 నాటి ఉప్పెన కథ తాతముత్తాతల నుంచి వినివున్నవారు నేల కదలగానే గుట్టలెక్కారు. వేల జనాభా ఉన్న ఆ దీవిలో చనిపోయినవారు పదిమందికి లోపే. నేల చాలాసేపు ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, లోపలి నుంచి పెద్ద హోరు వినిపించినా సైరను కోసం, ఫోనులో హెచ్చరిక కోసం చూడకండి. సామాను వదిలేసి ఆ సాయంత్రం నడిచిన దారినే పైకి వెళ్లండి. మొదటి అల వెళ్లిపోయిందని కిందికి దిగకండి, తరువాత వచ్చేది ఇంకా పెద్దది కావచ్చు. పిల్లలుంటే వారిని కూడా ఆ దారిలో ఒకసారి నడిపించండి.