నంబరు మారకుండా సిమ్ మార్చుకోవాలంటే

పోర్ట్ అంటే నంబరు అదే ఉంచుకుని వేరే కంపెనీ సిమ్‌కి మారడం. అది పెట్టడానికి షాపులో పట్టేది మహా అయితే పావుగంట. ఇంటి దగ్గర చూసుకోవాల్సినవి చూసుకోకుండా వస్తేనే చిక్కంతా. తణుకులో మాది చిన్న మొబైల్ షాపు. రీచార్జీలు, సిమ్‌లు, ఫోన్ కవర్లు, ఛార్జర్లు. పోర్ట్ కోసం వచ్చినవాళ్ళని నేను మొదట అడిగే మాట, "ఈ నంబరు ఎక్కడెక్కడ ఇచ్చారండీ?" అని. బ్యాంకు, ఆధార్, గ్యాస్, పింఛను, పిల్లల స్కూలు, ఫోన్‌పే... వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతుంటే వాళ్ళకే తెలుస్తుంది, ఆ నంబరు ఒక్క పూట ఆగినా ఇంట్లో ఎన్ని పనులు ఆగిపోతాయో. అందుకే ఏది ముందు, ఏది వెనక అన్నది వివరంగా రాస్తున్నాను.

ఈ సదుపాయం 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతా వచ్చింది. 2015 జూలై 3 నుంచి వేరే రాష్ట్రానికి వెళ్ళినా అదే నంబరు ఉంచుకునే వీలు కలిగింది. ఇప్పుడున్న పద్ధతి మాత్రం 2019 డిసెంబరు 16 నుంచి నడుస్తున్నది. చాలామంది అంతకుముందు విన్న సంగతులే ఇంకా చెబుతుంటారు, వాటిని పట్టించుకోకండి.

అన్నిటికంటే ముందు సిగ్నల్. మా షాపులో నిండుగా గీతలు చూపించే సిమ్, మీ ఊళ్ళో కొబ్బరితోట మధ్యలో ఉన్న ఇంట్లో చూపించాలని లేదు. మీరు మారాలనుకున్న కంపెనీ సిమ్ పక్కింట్లో ఎవరిదగ్గరైనా ఉంటే ఓ సాయంత్రం అడిగి తీసుకుని మీ ఫోన్‌లో వేసి చూడండి. గీతలు చూసి ఊరుకోవద్దు. వంటింట్లోంచి ఒకసారి, పడకగదిలోంచి ఒకసారి ఎవరికైనా ఫోన్ చేసి మాట్లాడండి. కరెంటు పోయిన తర్వాత కూడా చూడగలిగితే మరీ మంచిది, కొన్ని ఊళ్ళలో టవర్ బ్యాటరీ ఎక్కువసేపు ఆగదు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు రీచార్జి ధరలు పెంచినప్పుడు బీఎస్ఎన్ఎల్‌కి మారతామని మా షాపుకి చాలామంది వచ్చారు. ధర ఒక్కటే చూసుకుని వచ్చినవాళ్ళకి నేను ఇదే చెప్పాను, ముందు ఇంట్లో చూసుకుని రమ్మని. వాళ్ళలో కొందరు చూసుకుని వచ్చి మారారు, కొందరు మానుకున్నారు. ఇద్దరూ మంచిపనే చేశారు. ఎందుకంటే ఒకసారి మారాక మళ్ళీ 90 రోజుల వరకు ఇంకో కంపెనీకి పోవడానికి లేదు.

తర్వాత చూసుకోవాల్సింది చేతిలో ఉన్న ఫోన్. జియోకి 2జీ, 3జీ లేవు. కాబట్టి పాత కీప్యాడ్ ఫోన్ వాడే పెద్దవాళ్ళ నంబరుని జియోకి మారిస్తే ఆ ఫోన్ పనిచేయదు, 4జీ ఫోన్ కొనాల్సిందే. దీనికి తిరగేసిన చిక్కు ఇంకొకటి ఉంది. జియోఫోన్, జియోభారత్ ఫోన్లలో జియో సిమ్ తప్ప వేరేది పనిచేయదు. వాటితో ఉన్నవాళ్ళు వేరే కంపెనీకి మారితే ఫోన్ కూడా మార్చాలి. పోర్ట్ అయిపోయాక ఈ సంగతి తెలిస్తే ఆ ముసలివాళ్ళు పడే కంగారు నేను చూడలేను. అందుకే ముందే ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తాను.

కీప్యాడ్ ఫోన్లవాళ్ళ విషయంలో ఇంకో జాగ్రత్త. మా షాపుకి వచ్చే ఒక పెద్దావిడ ఫోన్‌లో నంబర్లన్నీ సిమ్ మీదే ఉన్నాయి. చిన్నోడు, పాలబ్బాయి, ఆటో, డాక్టరుగారు, అన్నీ మనవరాలు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిపెట్టినవి. "అమ్మాయ్, సిమ్ మారితే మా చిన్నోడి నంబరు పోదు కదా?" అని అడిగారు. పోతుందండీ, సిమ్‌తోపాటే పోతుంది. ఆవిడ్ని బల్ల మీద కూర్చోబెట్టి, కాంటాక్ట్స్‌లోకి వెళ్ళి అన్నీ ఫోన్ మెమరీలోకి కాపీ చేసి, ఒక్కొక్కటీ చదివి వినిపించాక పోర్ట్ పెట్టాను. మీ ఇంట్లో అమ్మకో మామ్మకో పోర్ట్ పెట్టేముందు ఈ పని మర్చిపోకండి.

ఇక సిమ్ ఎవరి పేరు మీద ఉంది? మన ఇళ్ళలో అమ్మ వాడే సిమ్ కొడుకు పేరు మీద, కొడుకు వాడేది బావ పేరు మీద ఉంటుంది. ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే షాపుకి రావాలి. చనిపోయినవాళ్ళ పేరు మీద ఉంటే, ముందు ఇప్పుడున్న కంపెనీలోనే పేరు మార్పించుకోవాలి. ఆ అర్జీ నడుస్తుండగా పోర్ట్ కుదరదు. సిమ్ పోయిందనో పాడైందనో డూప్లికేట్ తీసుకుని ఉంటే వారం రోజులు ఆగాలి, ఈ నిబంధన 2024 జూలై 1 నుంచి ఉంది. ఒకరి నంబరుకి దొంగతనంగా సిమ్ తీసి వెంటనే పోర్ట్ పెట్టే మోసాలను ఆపడానికి తెచ్చారు.

ఇవన్నీ సరిపోతే మెసేజ్ పెట్టడమే. పోర్ట్ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు వేసి 1900కి పంపండి. మారాల్సిన నంబరు నుంచే పంపాలి. మీ ప్లాన్‌లో మెసేజ్‌లు లేకపోయినా 1900కి పంపనివ్వాలని టెలికాం కంపెనీల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2021 డిసెంబరులోనే కంపెనీలను ఆదేశించింది. మీకు అర్హత ఉంటే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, లేకపోతే ఎందుకు లేదో మెసేజ్‌లోనే ఉంటుంది. పోస్ట్‌పెయిడ్ అయితే గడువు దాటిన బిల్లు కట్టేసి ఉండాలి. కోడ్ నాలుగు రోజులు పనిచేస్తుంది. ఈలోపు షాపుకి వెళ్ళలేకపోతే కంగారేం లేదు, మళ్ళీ మెసేజ్ పెడితే మళ్ళీ వస్తుంది.

ఎప్పుడు పెట్టాలి అంటే, ఉన్న రీచార్జి అయిపోవడానికి నాలుగైదు రోజుల ముందు. మిగిలిన డేటా, బ్యాలెన్సు, వ్యాలిడిటీ ఏవీ కొత్త కంపెనీకి రావు. నిన్న మూడు నెలల రీచార్జి చేయించి ఇవాళ పోర్ట్ అంటే ఆ డబ్బు వదులుకున్నట్టే. పూర్తిగా అయిపోయేదాకా ఆగడమూ మంచిది కాదు. ఇంట్లో పెళ్ళి, ఫీజు కట్టే గడువు, ఆసుపత్రి పని ఉన్న వారంలో అసలు పెట్టుకోవద్దు.

కోడ్ వచ్చిందగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. పాత కంపెనీవాళ్ళు ఆఫర్లు చెబుతారు, ఇష్టమైతే వినండి. కోడ్ అడిగితే మాత్రం ఎవరికీ చెప్పొద్దు. అది చెప్పాల్సింది కొత్త సిమ్ తీసుకునే కౌంటర్ దగ్గర ఒక్కచోటే. మీరు పెట్టకుండానే పోర్ట్ కోడ్ మెసేజ్ వచ్చిందంటే మీ ఫోన్ నుంచి ఎవరో 1900కి మెసేజ్ పంపి ఉండవచ్చు. వెంటనే కంపెనీకి ఫోన్ చేయండి. డబ్బు కూడా పోతే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చేయండి.

షాపుకి ఆధార్ తీసుకుని వెళ్ళండి, జిరాక్సులు అక్కర్లేదు. కాగితాల పద్ధతి 2024 జనవరి 1 నుంచి తీసేశారు, అంతా యాప్‌లోనే. ఫోటో తీస్తారు, వేలిముద్ర అడగవచ్చు. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెబుతాను. రోడ్డు పక్కన గొడుగు వేసుకుని సిమ్‌లు ఇచ్చేవాళ్ళలో కొందరు "సర్వర్ పడలేదండీ, ఇంకోసారి" అని రెండుసార్లు వేలిముద్ర తీసుకుని, రెండోదానితో ఇంకో సిమ్ తీసేసిన ఉదంతాలు ఉన్నాయి. రెండోసారి అడిగితే స్క్రీన్ తిప్పి చూపించమనండి. ఇంటికి వెళ్ళాక కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకోండి. మీది కానిది కనిపిస్తే నాది కాదు అని అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

మనసు మారితే షాపులో పోర్ట్ పెట్టిన 24 గంటల్లోపు క్యాన్సిల్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, నంబరు వేసి అదే 1900కి పంపితే పోర్ట్ ఆగిపోతుంది.

పోర్ట్ పూర్తవడానికి ఒకే సర్కిల్‌లో, అంటే టెలికాం వాళ్ళు విడదీసుకున్న ఒకే ప్రాంతంలో అయితే మూడు పనిదినాలు, సర్కిల్ మారితే ఐదు. మన రెండు రాష్ట్రాలు విడిపోయినా టెలికాం లెక్కలో ఇంకా ఒకే సర్కిల్. హైదరాబాద్‌లో తీసుకున్న నంబరుని తణుకులో పోర్ట్ పెట్టినా మూడు రోజులే. బెంగళూరు, చెన్నై నంబర్లకి ఐదు. ఈ రోజుల్లో పాత సిమ్ తీయకండి, అది మామూలుగా పనిచేస్తూనే ఉంటుంది. ఎప్పుడు మారుతుందో మెసేజ్ వస్తుంది. పాత సిమ్ మీద నో సర్వీస్ అని పడ్డాక కొత్తది వేసి, ఫోన్ ఆపి మళ్ళీ ఆన్ చేయండి. మధ్యలో కొన్ని గంటలు ఏదీ పనిచేయకపోవచ్చు, దానికి టెన్షన్ పడొద్దు.

నంబరు అదే కాబట్టి బ్యాంకులోగాని ఆధార్‌లోగాని ఏమీ మార్చక్కర్లేదు. వాట్సాప్ కూడా మామూలుగానే ఉంటుంది. ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివి మాత్రం సిమ్ మారిందని గుర్తుపట్టి, కొత్త సిమ్ నుంచి ఒక మెసేజ్ పంపించి మళ్ళీ రిజిస్టర్ చేయిస్తాయి. అందుకని మొదటి రీచార్జి మెసేజ్‌లు ఉన్న ప్లాన్‌తోనే చేయించుకోండి. రెండు సిమ్‌ల ఫోన్ అయితే ఆ మెసేజ్ ఏ సిమ్ నుంచి పోతుందో చూసి నొక్కండి. రిజిస్టర్ అయిన మొదటి రోజు పెద్ద మొత్తాలు పంపనివ్వకపోవచ్చు. ఆ రోజుకి కాస్త నగదు దగ్గర పెట్టుకోండి.

పోస్ట్‌పెయిడ్ నుంచి మారినవాళ్ళకి పాత కంపెనీ ఆఖరి బిల్లు తర్వాత వస్తుంది. మారిపోయాం కదా అని వదిలేస్తే వాళ్ళ ఫిర్యాదు మీద కొత్త సిమ్ ఆగిపోతుంది. ఆ బిల్లు కట్టి రసీదు దాచుకోండి, డిపాజిట్ ఉంటే తిరిగి అడగండి.

విదేశాల్లో ఉండి ఓటీపీల కోసం ఇక్కడి నంబరు ఉంచుకున్నవాళ్ళు సెలవుల్లో వచ్చినప్పుడు మారతామంటారు. వచ్చిన మొదటి వారంలోనే పెట్టుకోండి, ఆదివారాలు, పండగలు పనిదినాల్లోకి రావు. విమానం ఎక్కేముందు కొత్త సిమ్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకుని, బ్యాంకు ఓటీపీ ఒకటి తెప్పించి చూసుకుని మరీ బయల్దేరండి.