ఏఐని జవాబు అడగకండి, ప్రశ్నలు అడగమనండి

చాట్‌జీపీటీ లాంటివాటితో ఏదైనా నేర్చుకునేవాళ్ళకి ఒక చిన్న చిట్కా. "ఇది వివరించు" అని అడిగి, అది రాసింది చదివి, ఆహా అర్థమైపోయింది అనుకుని మూసేస్తాం కదా, మర్నాడు చూస్తే బుర్రలో ఏమీ ఉండదు. నాకూ చాలాసార్లు అలాగే అయింది.

దాన్ని తిరగేయండి. ముందు పాఠం మీరే చదవండి, తర్వాత ఆ పేజీని దానికిచ్చి "దీని మీద నన్ను ఒక్కో ప్రశ్నే అడుగు, నేను రాసేదాకా జవాబు చెప్పకు, తప్పయితే ముందు చిన్న క్లూ మాత్రమే ఇవ్వు" అని రాయండి. ఆ చివరి ముక్క మర్చిపోవద్దు, లేకపోతే అది ఆగదు, మొత్తం కక్కేస్తుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు సైకాలజిస్టులు ప్రచురించిన ప్రయోగంలో, 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే ముందున్నారు, కానీ వారం తర్వాత పెడితే మాత్రం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది.

తప్పిన ప్రశ్నల్ని అంకీ (Anki) అనే యాప్‌లో, ఒకవైపు ప్రశ్న, ఇంకోవైపు జవాబు ఉండే కార్డులుగా వేసుకోండి, మళ్ళీ ఎప్పుడు అడగాలో అదే చూసుకుంటుంది. అన్నీ వేయకండి బాబూ, 2 వారాల్లో గుట్ట పేరుకుపోయి యాప్ తెరవాలంటేనే టెన్షన్ వస్తుంది.

ఇంకోటి, ఏఐ దిద్దినది కూడా తప్పు కావచ్చు, పైగా చాలా ధీమాగా చెప్తుంది. తేదీలు, లెక్కలు, సూత్రాలు వస్తే పుస్తకం తెరిచి ఓసారి సరిచూసుకోండి.