ఒరిగి తేలే గోల్డ్‌ఫిష్‌కు బఠాణీ

మేత తిన్న కాసేపటికే మా గోల్డ్‌ఫిష్ పొట్ట ఉబ్బి, పక్కకు ఒరిగి నీటిపైన తేలేది. చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది. ఇది చాలావరకు మలబద్ధకమే, అందుకే ఇలాంటప్పుడు మందు కొనే ముందు రెండు రోజులు మేత పూర్తిగా ఆపండి. చేప తట్టుకుంటుంది, భయం లేదు. మూడో రోజు ఒక్క పచ్చి బఠాణీని ఉప్పు వేయకుండా మెత్తగా ఉడికించి, చల్లారాక తొక్క తీసి, చేప నోటికి పట్టేంత ముక్కలుగా చిదిమి వేయండి. తినగా మిగిలింది గంటలోపు తీసేయాలి, లేకపోతే నీళ్లు పాడవుతాయి. మా చేపకు మర్నాటికి పొట్ట తగ్గింది, నిటారుగా ఈదింది. ఇప్పుడు గుళికల మేత కూడా అరనిమిషం నానబెట్టే వేస్తున్నాను. పొలుసులు నిక్కబొడుచుకుని ఉంటే మాత్రం అది మలబద్ధకం కాదు, ఒంట్లో నీరు చేరడం. దానికి బఠాణీ పనిచేయదు. వెంటనే చేపను వేరే తొట్టిలోకి మార్చి, చేపల జబ్బుల గురించి తెలిసినవారికి చూపించండి.